తాళం వేసినవాణ్ణి ఎందుకు వేశావని అడిగిన కోర్టు

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మనం మాట్లాడుకోబోయేది ఇంగ్లండు పార్లమెంటు సంగతి. పొద్దంతా కూలికి పోయొచ్చి ఇక్కడ కూర్చున్నవాళ్లకు లండన్ గోల ఎందుకని కొందరికి అనిపించొచ్చు. మనల్ని ఏలిన దేశమని దాని గురించి చెప్పడం లేదు. మన రాజ్యాంగంలో సభ నడిచే పద్ధతి, ప్రధాని, మంత్రులు సభకు జవాబు చెప్పుకునే పద్ధతి చాలామట్టుకు అక్కడి అచ్చులో పోసినవే. ఆ అచ్చు తయారైన చోటే 2019లో ప్రభుత్వం పార్లమెంటుకు తాళం వేసింది. ఆ తాళం చెల్లదని కోర్టు చెప్పింది. ఆ తర్వాత జరిగిన రభసలో మనం నేర్చుకోవాల్సింది ఉంది. మేము బళ్లో చెప్పే సాంఘికశాస్త్రంలో పార్లమెంటు సమావేశాల గురించి పాఠం ఉంటుంది. పిల్లలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు. సమావేశమే లేకుండా చేస్తే ఏమవుతుందో మాత్రం ఆ పాఠంలో ఉండదు.

ముందు ఒక ముక్క తేట చేసుకుందాం. సభ సెలవు తీసుకోవడం వేరు. సభ్యులే కూర్చుని, ఫలానా రోజు దాకా పోయొద్దామని తీర్మానం చేసుకుంటారు. ఆ సెలవుల్లో కూడా కమిటీలు కూర్చుంటాయి, మంత్రులను రాతపూర్వకంగా ప్రశ్నలు అడగొచ్చు. ప్రొరోగ్ చేయడం అట్లా కాదు. సభ్యులను అడిగే పనే లేదు. ప్రధాని సలహా ఇస్తాడు, రాజు గానీ రాణి గానీ ఉత్తర్వు వేస్తారు, తలుపులు పడతాయి. కమిటీలు ఆగుతాయి, ప్రశ్నలు ఆగుతాయి. సగంలో ఉన్న బిల్లులు మామూలుగా చచ్చిపోతాయి. మన రాజ్యాంగం ఇక్కడ కాస్త మేలు, 107వ అధికరణం మూడో క్లాజు ప్రకారం ప్రొరోగ్ చేసినంత మాత్రాన బిల్లు చావదు.

ఇంకా అర్థం కాకపోతే మన గ్రామసభ సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది, ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టాలంది. మన ఊళ్లల్లో ఏం చేస్తారు? రిజిస్టరు ఇంటింటికీ తిరుగుతుంది, సంతకాలు, వేలిముద్రలు పడతాయి, సభ జరిగినట్టే లెక్క. చెరువు పాట ఎంతకు పోయింది, వాడకు రావాల్సిన సిమెంటు రోడ్డు ఊళ్లో ఎవరి ఇంటి ముందు పడింది, అడిగే చోటు లేకుండా పోతుంది. సభ లేకపోవడమంటే కుర్చీలు ఖాళీగా ఉండటం కాదు. లెక్క చెప్పాల్సినవాడు లెక్క చెప్పకుండా తప్పించుకోవడం.

ఇప్పుడు లండన్‌కు పోదాం. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా వద్దా అని 2016 జూన్ 23న బ్రిటన్ జనాన్ని ఓటు అడిగారు. నూటికి 52 మంది రావాలన్నారు, 48 మంది వద్దన్నారు. ఎట్లా రావాలన్నది మాత్రం ఆ ఓటులో లేదు. ఉమ్మడి కుటుంబంలోంచి వేరుపడతానన్నవాడు పొలం గట్లు, బాకీలు, బావి నీళ్లు తేల్చుకోవాలి కదా. ప్రధాని థెరిసా మే కుదుర్చుకొచ్చిన ఒప్పందాన్ని 2019లో పార్లమెంటు మూడుసార్లు తోసిపుచ్చింది. ఆమె దిగిపోయింది. జూలై 24న బోరిస్ జాన్సన్ ప్రధాని అయ్యాడు. ఒప్పందం ఉన్నా లేకున్నా అక్టోబరు 31కి బయటపడతామన్నాడు.

ఒప్పందం లేకుండా బయటపడితే ఏమవుతుంది? ప్రభుత్వమే లోలోపల ఒక అంచనా రాయించుకుంది, దానికి ఎల్లోహామర్ అని పేరు. రేవుల్లో లారీలు బారులు తీరతాయని, కొన్ని మందులకు ఇబ్బంది వస్తుందని, తాజా కూరగాయలు, పళ్లు తగ్గుతాయని, తిండి, ఇంధనం ధరలు పెరిగి తక్కువ రాబడి ఉన్నవాళ్ల మీదే ఎక్కువ దెబ్బ పడుతుందని అందులో ఉంది. ఈ కాగితం బయటికి ఎట్లా వచ్చిందో గుర్తుపెట్టుకోండి. సెప్టెంబరు 9న, సభకు తాళం పడబోయే కొద్ది గంటల ముందు, సభ్యులు ఓటు వేసి ఆ కాగితాలు పెట్టమన్నారు. 311 మంది పెట్టమన్నారు, 302 మంది వద్దన్నారు. తొమ్మిది ఓట్ల తేడా. రెండు రోజులకు అంచనా జనం ముందుకొచ్చింది. పేదవాడి మీద పడే దెబ్బ సంగతి ప్రభుత్వం చేతే బయటపెట్టించింది ఆ రోజు సభే.

తాళం కథ ఆగస్టు 28న మొదలైంది. ముగ్గురు పెద్దలు స్కాట్లండ్‌లోని బాల్మోరల్ కోటకు పోయి రాణి చేత ఉత్తర్వు వేయించుకున్నారు. సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు 14 దాకా, అయిదు వారాలు సభ బందు. కొత్త ప్రభుత్వం కదా, కొత్త కార్యక్రమం రాసుకుని రాణి ప్రసంగంతో మళ్లీ మొదలుపెడతామన్నారు. వినడానికి ఎంత పెద్దమనిషి తరహా మాటో చూడండి.

సభ్యులు ఊరుకోలేదు. సెప్టెంబరు 3న సభ కూడగానే పాలక పక్షం సభ్యుడొకడు లేచి అవతలి వైపు పోయి కూర్చున్నాడు. జాన్సన్‌కున్న ఆ ఒక్క ఓటు బలం పోయింది. ఆ రాత్రే సొంత పార్టీ వాళ్లు 21 మంది ఎదురు ఓటు వేశారు. వాళ్లలో చర్చిల్ మనవడు ఉన్నాడు, మాజీ ఆర్థికమంత్రులున్నారు. అందరినీ పార్టీ పక్షం నుంచి వెళ్లగొట్టాడు. ఒప్పందం లేకుండా బయటికి పోరాదని, అక్టోబరు 19 లోపల ఏదీ తేలకపోతే గడువు పొడిగించమని ప్రధానే లేఖ రాయాలని సభ ఆదరాబాదరా చట్టం చేసింది. 10వ తేదీ తెల్లవారకముందే తలుపులు మూశారు. కొందరు సభ్యులు నోరు నొక్కారని రాసిన కాగితాలు పట్టుకుని నిలబడ్డారు.

ఇక కోర్టులు. స్కాట్లండ్‌లో జొవాన్నా చెర్రీ అనే సభ్యురాలు, ఆమెతో పాటు డెబ్బై మందికి పైగా చట్టసభ సభ్యులు దావా వేశారు. లండన్‌లో గినా మిల్లర్ వేసింది. లండన్ హైకోర్టు ఇది రాజకీయం, మా పని కాదంది. స్కాట్లండ్ పై కోర్టు సెప్టెంబరు 11న ఇది చట్టవిరుద్ధమంది. రెండూ సుప్రీంకోర్టుకు పోయాయి. 17 నుంచి 19 దాకా మూడు రోజులు వాదనలు. అదే పార్టీకి చెందిన మాజీ ప్రధాని జాన్ మేజర్ కూడా ప్రభుత్వానికి ఎదురుగా వాదన పెట్టించాడు. 24న తీర్పు వచ్చింది. కూర్చున్నది పదకొండు మంది. పదకొండు మందిదీ ఒకే మాట.

తీర్పు చదివింది ఆ కోర్టు మొదటి మహిళా అధ్యక్షురాలు బ్రెండా హేల్. ఆమె తల్లీ తండ్రీ ఇద్దరూ ప్రధానోపాధ్యాయులు, పంతుళ్లం కాబట్టి ఈ ముక్క చెప్పుకోకుండా ఉండలేం. ఆమె తీర్పులో పెద్ద పెద్ద సిద్ధాంతాలు తక్కువ, సూటి ప్రశ్న ఎక్కువ. మూశారు సరే, ఎందుకు మూశారు? కొత్త ప్రసంగం రాసుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. అయిదు వారాలు ఎందుకు? సెలవులు ముగిశాక అక్టోబరు 31 దాకా ఉన్నవి ఎనిమిది వారాలు, అందులో అయిదు వారాలు సభను ఎందుకు నోరెత్తకుండా చేశారు? ప్రధాని ఆ కారణమేదో ప్రమాణం చేసి కోర్టుకు రాసివ్వలేదు, ఎవరి చేతా రాయించనూ లేదు. చెప్పడానికి మంచి కారణం సంగతి అటుంచి, ఏ కారణమూ లేదని కోర్టు తేల్చింది. సలహా చెల్లదు, సలహా మీద వేసిన ఉత్తర్వు చెల్లదు, మూసివేత జరగనే లేదు. రాణి దూతలు సభలోకి తెచ్చిన ఆ ఉత్తర్వు తెల్లకాగితంతో సమానమంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. రాజు తన ఇష్టం వచ్చినట్టు ప్రకటన వేసి చట్టాన్ని మార్చలేడని 1611లోనే అక్కడి న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్ చెప్పాడు. ఆ కేసును 2019 తీర్పులో తలుచుకున్నారు. ఆ తర్వాత చార్లెస్ రాజు పార్లమెంటును పిలవకుండా 1629 నుంచి 1640 దాకా ఏలి, చివరకు 1649లో తల పోగొట్టుకున్నాడు. ఏ రాజుకైనా సభ అంటే ముల్లే. డబ్బు అవసరమైనప్పుడే గుర్తొస్తుంది.

గినా మిల్లర్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆమె 1965లో బ్రిటిష్ గయానాలో పుట్టింది. భారతదేశం నుంచి పోయిన వాళ్ల సంతతి. గయానా అంటే చెరకు తోటలు. 1838 నుంచి మన దేశపు పేదలను ఒప్పంద కూలీలుగా ఓడలెక్కించి తోలిన చోటు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 2016లోనూ ఆమె ఇట్లాగే ప్రభుత్వం మీద దావా వేసి గెలిచింది. దాని ఫలితంగా ఎన్ని తిట్లు పడ్డదో! నల్లతోలుదానివి, నీ దేశం నీవు పో అన్నారు. ఒక ప్రభువంశీకుడైతే ఆమెను బండితో గుద్ది చంపినవాడికి 5,000 పౌండ్లు ఇస్తానని రాశాడు, అందుకు 2017లో 12 వారాల జైలు పడింది. చదువుకున్న ఆడది, అందులోనూ ఆ రంగు ఆడది, చట్టం పట్టుకుని దొరను నిలదీస్తే దొర మనసులో ఏముంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆమె పేదరాలు కాదు. తండ్రి పేరున్న లాయరు, ఆమె పెట్టుబడుల వ్యాపారం చేసే మనిషి. పేరున్న లాయర్లను పెట్టుకోగలిగింది కాబట్టి కోర్టు మెట్లెక్కింది. ఉత్తర ఇంగ్లండులో మూతబడ్డ బొగ్గు గని పక్కన ఉండే కూలివాడికి ప్రధాని మీద దావా వేసే స్తోమతు ఎక్కడిది? న్యాయం గెలిచిందని చప్పట్లు కొట్టేటప్పుడు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

తీర్పు వచ్చిన రోజు ప్రధాని న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సభలో ఉన్నాడు. తీర్పుతో ఏకీభవించను గానీ పాటిస్తానన్నాడు, రాత్రికి రాత్రి విమానమెక్కాడు. మర్నాడు 25న సభ కూడింది. ఇక చూడండి రభస. ప్రభుత్వానికి న్యాయసలహా ఇచ్చే అటార్నీ జనరల్ జెఫ్రీ కాక్స్ లేచి, ఇది చచ్చిన పార్లమెంటు, దీనికి కూర్చునే నైతిక హక్కు లేదన్నాడు. ముందు రోజే పదకొండు మంది జడ్జీల ముందు ఓడిన ప్రభుత్వపు లాయరు సభకు నైతికత నేర్పాడన్నమాట! జాన్సన్ సభ చేసిన చట్టాన్ని లొంగుబాటు చట్టమన్నాడు. ఇట్లాంటి మాటలు పట్టుకునే మమ్మల్ని చంపుతామని ఉత్తరాలు రాస్తున్నారు, జో కాక్స్‌ను మర్చిపోవద్దని ఒక సభ్యురాలు కన్నీళ్లతో అడిగితే, అదంతా బూటకమని కొట్టిపారేశాడు. జో కాక్స్ అంటే ఆ సభలోని సభ్యురాలే, 2016 జూన్ 16న తెల్లజాతి దురహంకారి ఒకడు కత్తితో, తుపాకీతో ఆమెను చంపాడు. తీర్పు సభను తెరిచింది గానీ మనుషుల నోళ్లలో విషాన్ని కడగలేదు.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఒక విచిత్రమైన చిక్కుముడి పడింది. ప్రభుత్వానికి మెజారిటీ లేదు. ఎన్నిక పెడదామంటే 2011 చట్టం ప్రకారం సభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, ప్రతిపక్షం ఒప్పుకోలేదు. ఒప్పందం లేని వేరుపాటు ముప్పు తప్పేదాకా ఎన్నికకు రామన్నారు. అక్టోబరు 19 శనివారం సభ పెట్టారు. శనివారం కూడటం 1982 ఫాక్లండ్ యుద్ధం తర్వాత అదే మొదలు. ఆ రాత్రి గడువు కోరుతూ ప్రధాని లేఖ పంపాడు, కానీ కింద సంతకం పెట్టలేదు! పంతానికి పోయే మన ఊరి పెద్దమనుషులకూ అంత పంతం ఉండదు. అక్టోబరు 31 వచ్చింది, పోయింది. బ్రిటన్ బయటపడలేదు. గొడవంతా తిరిగి తిరిగి ఎన్నికల మీదికి వచ్చింది.

ఈ గందరగోళంలో ఒక మంచి పని ఎవరి కంటా పడకుండా జరిగింది. ఇళ్లల్లో ఆడవాళ్ల మీద జరిగే హింసను అడ్డుకునే బిల్లు ఒకటి సెప్టెంబరు మూసివేతతో చచ్చిపోయింది. మూసివేతే జరగలేదని కోర్టు అనేసరికి బతికింది. అక్టోబరు 2న ఆ బిల్లు మీద చర్చలో రోజీ డఫీల్డ్ అనే సభ్యురాలు తన మీదే జరిగినదాన్ని సభలో చెప్పుకుంటే చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఎన్నికల కోసం సభ రద్దయినప్పుడు అది మళ్లీ పోయింది, చివరకు 2021లో చట్టమైంది. సభ మూస్తే పోయేది ఏదో గాలిలో ఉన్న ప్రజాస్వామ్యం కాదు. దెబ్బలు తినే ఒక ఆడమనిషికి రావాల్సిన రక్షణ.

2019 డిసెంబరు 12న ఎన్నికలు. చట్టవిరుద్ధంగా సభను మూశాడని కోర్టు తేల్చిన మనిషికి జనం 650 సీట్లలో 365 ఇచ్చారు. తరతరాలుగా కార్మిక పార్టీకి వేసిన గని ఊళ్లు, మిల్లు ఊళ్లు అతనికి వేశాయి. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చేసింది.

ఇక్కడ మనం కాసేపు ఆగాలి. చదువుకున్న పెద్దలు ఈ ఫలితం చూసి జనానికి బుద్ధి లేదన్నారు. మేము అట్లా అనం. గనులు మూసేసి నలభై ఏళ్లుగా పనుల్లేక పడి ఉన్న ఊరికి లండన్ సభ ఏం చేసింది? సభ తెరిచి ఉన్నన్నాళ్లూ తమ గొంతు అందులో వినపడకపోతే, అయిదు వారాలు మూశారని ఏడ్చేదెవరు? మన వాడల్లో కూడా ఇదే. అసెంబ్లీలో రోజుల తరబడి రెండు కులాల పెద్దలు తిట్టుకుంటుంటే, మన శ్మశానానికి దారి లేదన్న మాట ఒక్క నిమిషం రాకపోతే, అసెంబ్లీ ఉంటే ఎంత ఊడితే ఎంత అని మన పిల్లవాడు అంటాడు. ఆ మాట ఎంతో ప్రమాదం. తాళం వేసేవాడు కాచుకుని ఉండేది ఆ మాట కోసమే. కానీ ఆ పిల్లవాణ్ణి కసురుకుంటే లాభం లేదు, ఆ మాట అతని నోటికి ఎవరు తెచ్చారో చూడాలి.

మన దగ్గర సంగతి. 85వ అధికరణం ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదు. ఆరు నెలలంటే మామూలు సందా? 2020లో కరోనా పేరు చెప్పి శీతాకాల సమావేశాలే పెట్టలేదు. అదే ఏడు జూన్‌లో సభ లేనప్పుడు వ్యవసాయం మీద ఆర్డినెన్సులు తెచ్చారు. సభ లేనప్పుడు ఆర్డినెన్సు వేసే వీలు మన ప్రభుత్వాలకుంది, అక్కడి ప్రభుత్వానికి అట్లాంటి 123వ అధికరణం లేదు. మన తాళం చప్పుడు కాకుండా పడుతుంది.

పెద్దవాళ్లకు 1984 గుర్తుండే ఉంటుంది. ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్.టి. రామారావును దించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టాడు. ఆ నెల రోజులు రోడ్లెక్కిన జనం అడిగింది ఒకటే, సభ పెట్టి లెక్క తేల్చండి అని. సెప్టెంబరు 16న రామారావు తిరిగొచ్చాడు. అప్పుడు తాళం తీసింది కోర్టు కాదు, జనం. పదేళ్లకు 1994 మార్చి 11న బొమ్మై కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం, మెజారిటీ తేలాల్సింది సభలోనే, గవర్నరు బంగళాలో కాదంది. అంతకు ముందు 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదంటే, పదమూడు రోజులకు ఎమర్జెన్సీ వచ్చింది. అప్పుడు పార్లమెంటు తెరిచే ఉంది. అడిగేవాళ్లు మాత్రం జైల్లో ఉన్నారు.

కోర్టే మనకు దిక్కని ఎవరూ అనుకోకండి. 2018 మార్చి 20న మన సుప్రీంకోర్టే అట్రాసిటీ చట్టానికి కోరలు పీకింది. ఏప్రిల్ 2 బంద్‌లో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఒత్తిడికి ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని తిరిగి నిలబెట్టింది. 2019 అక్టోబరు 1న కోర్టు తన ఆదేశాలను తానే వెనక్కు తీసుకుంది. అంటే లండన్ తీర్పు వచ్చిన వారానికి. అక్కడ సభను కోర్టు కాపాడింది, ఇక్కడ కోర్టు చేసిన పనిని సభ దిద్దింది. రెండు చోట్లా ముందు కదిలింది మనుషులే.

లండన్ ప్రభుత్వం కూడా పాఠం నేర్చుకుంది లెండి, తన పద్ధతిలో. 2022లో కొత్త చట్టం తెచ్చి, పార్లమెంటును రద్దు చేసే అధికారాన్ని కోర్టులు ప్రశ్నించరాదని రాసుకుంది. 2019 నాటి ప్రొరోగ్ సంగతి మాత్రం దాని కిందికి రాలేదు.

వెనక నుంచి ఒక తమ్ముడు చీటీ పంపాడు. అక్కడి సమానత్వ చట్టంలో కులం చేర్చారని విన్నాను, నిజమేనా అని అడిగాడు. మంచి ప్రశ్న. 2010 చట్టంలో, మంత్రి కావాలనుకుంటే కులాన్ని చేర్చొచ్చని రాశారు. బ్రిటన్‌లోని దళిత సంఘాలు పార్లమెంటు ముందు నిలబడ్డాయి. విచిత్రం, ప్రభువుల సభే గట్టిగా పట్టుబట్టింది. 2013 ఏప్రిల్‌లో చేర్చొచ్చు అన్న మాటను చేర్చి తీరాలి అని మార్చారు. సంవత్సరాలు గడిచాయి, మంత్రులు మారారు, ఎవరూ చేర్చలేదు. ఈలోగా 2015లో, ఇక్కడి నుంచి పనిమనిషిగా తీసుకుపోయి రోజుకు పద్దెనిమిది గంటలు చాకిరీ చేయించుకున్న ఒక ఆదివాసీ స్త్రీకి ట్రిబ్యునల్ దాదాపు 1,84,000 పౌండ్లు ఇప్పించింది. ఆ కేసును చూపించి, కోర్టులున్నాయి కదా, ఇంక చట్టంలో మాట ఎందుకని, 2018 జూలైలో ప్రభుత్వం ఆ పని చేయబోమని, ఆ వాక్యాన్నే తీసేస్తామని ప్రకటించింది. కాబట్టి తమ్ముడూ, నువ్వు విన్నది సగమే నిజం. చేర్చి తీరాలని సభ చెప్పింది. చేర్చాల్సినవాళ్లు చేర్చలేదు.

జై భీమ్.